తీగ ఊడిందని చెప్పని కాంటా

వికారాబాద్‌లో మా ఆఫీసు పెద్ద మేడం, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఉదాహరణల్లో అన్‌ర్యాప్ అనే మాట కనిపిస్తే చెప్పులో దిగిన ముల్లులా పీకేసేవారు. తాండూరు బండలు గాలికి అప్పడాల్లా ఎగిరాయని చెప్పే నన్ను ఎవరూ నమ్మరు. ఇది మాత్రం నమ్మండి.

ఇతరులు తమ ప్రోగ్రాంలలో వాడుకునే మా కోడ్ లైబ్రరీకి ఆమె రాసిన ఉదాహరణలో ఒకప్పుడు అన్‌ర్యాప్ ఉండేది. అది ఉంటే, పరికరం నుంచి రీడింగ్ రాకపోతే ప్రోగ్రాం అక్కడే కూలిపోతుంది. తాండూరు మార్కెట్ కాంటాకు ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్నే ఎత్తి పెట్టుకున్నారు. ఒకరోజు తీగ ఊడి కాంటా ఆగింది. కారణం ఎవరికీ తెలియలేదు. ఇంతలో వాన వచ్చి, తూకానికి కుప్ప పోసుకున్న బషీరాబాద్ నుంచి వచ్చిన ఒక అవ్వ కందులన్నీ తడిశాయి.

మేడం అన్‌ర్యాప్ తీసేసి, దాని చోట ప్రశ్నార్థకం గుర్తు పెట్టారు. అది కూలిపోకుండా లోపాన్ని ప్రోగ్రాంలో పై భాగానికి పంపుతుంది, అక్కడి నుంచి తెర మీద చూపించవచ్చు. మార్కెట్ వాళ్లూ ఈ కొత్త నమూనానే పెట్టుకున్నారు. "నమూనానే గదా అనకుర్రి. జనం గదే ఎత్కపోతరు," అనేవారు.

మరుసటేడు నన్ను వెంటబెట్టుకుని మార్కెట్‌కు వెళ్లారు. కాంటా మళ్లీ ఆగింది. ఈసారి తెర మీద "తీగ ఊడింది" అని పడింది. హమాలీ బిగించాడు.

పక్కనే ఉన్న ఆ బషీరాబాద్ అవ్వ అంది: "గీ ముక్క పోయినేడు చెప్తే నా కందులు తడవకపోతుండె గద బిడ్డా."

తిరుగు రైల్లో మేడం ల్యాప్‌టాప్ తెరిచి, మిగిలిన ఉదాహరణల్లో అన్‌ర్యాప్ ఎక్కడుందో ఒక్కొక్కటే వెతకసాగారు.