దేవకుమార్ చుట్టిన చుట్లు

దేవకుమార్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. సైకిలు హ్యాండిల్ కనబడితే టేపు చుట్టకుండా ఉండలేడు. తాగుడు లేదు, పేకాట లేదు. చొక్కా జేబులో మాత్రం నల్లటి టేపు చుట్ట ఎప్పుడూ ఉంటుంది. పెళ్ళిచొక్కాలోనూ ఉందని గిట్టనివాళ్ళంటారు.

ఉక్కునగరంలో అతని పక్క క్వార్టరు వీర్రాజుది. ఆ పాపానికి వీర్రాజు సైకిలే ఎక్కువ బలైంది. వీర్రాజు షిఫ్టు దిగి, కాళ్ళీడ్చుకుంటూ సైకిలు స్టాండుకొచ్చేసరికి దేవకుమార్ ఆ సైకిలు ముందు గొంతుక్కూచుని ఉండేవాడు. పాత టేపు విప్పి, కింద గుడ్డపేలిక వేసి, ఒక్కో చుట్టూ ముందు చుట్టు మీదికి సగం ఎక్కేలా చుట్టేవాడు. మధ్యలో కదిలిస్తే మళ్ళీ మొదటికొచ్చేవాడు.

"ఒగ్గేయ్ బావా, ఆకలేత్తంది" అని వీర్రాజు రోజూ బతిమాలడమే.

రెండో జబ్బు కూడా ఉందనుకోవాలి. వందనాలు చెప్పి చెయ్యి పట్టుకుంటే ఓ పట్టాన వదలడు. అతన్ని చూస్తే చర్చిలో పాస్టరుగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవారు.

ఈమధ్య వీర్రాజుకి అన్నిటి మీదా విసుగే. కుడిచేతి రెండు వేళ్ళు సరిగా ముడుచుకోవడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే భార్య సూర్యకళ ఆ రోజే సైకిలు మూలన పడేయిస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా ఎవరి బండి వెనకా ఎక్కని మనిషికి ఆ ఊహే కష్టంగా ఉంది. దీనికితోడు హ్యాండిల్ నానాటికీ ఆనపకాయలా లావెక్కిపోతోంది. స్టాండులో అంతా నవ్వుతున్నారు.

ఓ శుక్రవారం ఒళ్ళు మండి, బ్లేడుతో టేపంతా కోసిపారేశాడు. ఎడమవైపు చిటికెలో ఊడింది. కుడివైపు కోసేకొద్దీ వస్తూనే ఉంది.

మొదటి మలుపులోనే ఉత్త ఇనుము మీంచి కుడిచెయ్యి జారింది. సైకిలు రోడ్డు మీద, తను గోరింట కంచెలో. ముళ్ళు పీక్కుంటూండగా అతనికి విషయం తలకెక్కింది. సైకిలు నడిపించుకుంటూ నేరుగా దేవకుమార్ గుమ్మంలోకెళ్ళాడు.

"నా సేతేళ్ళ సంగతి నీకెప్పుడు తెలిసింది బావా?"

"క్రిస్మస్‌కి. సెయ్యి కలిపితే నీ సేతేళ్ళు రెండు నన్ను పట్టుకోలేదు."

"మరి అడగలేదేటి?"

"నువ్వు సెప్పలేదు కదా."

వీర్రాజు కుడిచెయ్యి చాచాడు. దేవకుమార్ పట్టుకుని, అలవాటు ప్రకారం వదల్లేదు.

"ఇంకో రెండు చుట్లు పడతాయి బావా" అంటూ జేబులోంచి టేపు తీశాడు.

వీర్రాజు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆకలి మాట ఎత్తలేదు.