పదమూడో పాఠం

మా వదినకు కాలేజీలో అందరూ కలిసి పెట్టిన పేరు పాస్‌వర్డమ్మ. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళంతా ఆవిడ దగ్గరికే రావాలి, మర్చిపోనివాళ్ళు ఆ కాలేజీలో ఇంకా పుట్టలేదు. విద్యార్థుల కంటే లెక్చరర్లు ఘోరం. "నిన్ననేగా మార్చుకున్నారు సార్" అంటే "అందుకేనమ్మా మర్చిపోయాను, పాతదయితే గుర్తుండేది" అంటారు. ముందు కౌంటర్లో కూర్చునేదాన్ని నేనే కాబట్టి వాళ్ళందరినీ వరసపెట్టి లోపలికి పంపేదీ నేనే. వదిన ప్రాణం తియ్యడానికి ఈ ఆడబిడ్డకు జీతం కూడా ఇస్తున్నారని అన్నయ్య వెక్కిరిస్తూ ఉంటాడు.

ఆవిడ పని పాస్‌వర్డులతో తీరేది కాదు. మా విద్యార్థుల్లో సగం మంది కాలేజీ గుమ్మం తొక్కరు. ఉన్నచోటనే ఫోన్లోనో కంప్యూటర్లోనో చదువుకుంటారు. వాళ్ళ పాఠాలు, వీడియోలు, పరీక్షలు, మార్కులు అన్నీ ఉండే చోటును పెద్దవాళ్ళు ఎల్ఎంఎస్ అంటారు, మేం సిస్టం అంటాం. లెక్చరర్ గారు నలిగిపోయిన కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేసి వెళ్ళిపోతారు. దాన్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఓ బొమ్మ, ఓ చిన్న వీడియో, చివర నాలుగు ప్రశ్నలు పెట్టి మనిషి బుర్రకు ఎక్కేలా చేసేది వదిన. డ్యూటీ దిగిన నర్సు ఆ పాఠాన్ని బస్సులో వింటుంది. చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని ఒకావిడ ఒంటిచేత్తో ప్రశ్నలకు జవాబులు నొక్కుతుంది. వ్యాను నడిపే అతను సరుకు దించేలోపు ఒక పాఠం ముగిస్తాడు. ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడే మొదలయ్యే చదువు వాళ్ళకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఎంత విసుగున్నా ఆ మాట ఒప్పుకోవాలి. అయితే వాళ్ళలో ఒక్కరి మొహం కూడా వదిన చూసి ఎరగదు.

ఆవిడ గది మెట్ల కింద ఉంది. దానికి కిటికీ లేదు. యంత్రాలు వేడెక్కకూడదని ఏసీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మండుటెండల్లో కూడా వదిన శాలువా కప్పుకునే కూర్చుంటుంది. బయట వాన కురిసి వెలిసిపోయినా ఆవిడకు తెలియదు. సెలవు పెడితే ఫోను మోగుతుంది. మా అమ్మకు ఆపరేషన్ జరుగుతున్న రోజున ఆస్పత్రి వరండాలో నిలబడి ఎవరెవరికో పరీక్ష పేజీ ఎలా తెరవాలో చెబుతూనే ఉంది. "ఒక్కపూట ఆ ఫోను కట్టేస్తే కొంపలు మునిగిపోవు వదినా" అన్నాను. "మునిగిపోతాయే. వాళ్ళ పరీక్ష పోతుంది" అంది. ఆవిడ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వదినకున్న కోరిక ఒక్కటే. తరగతి గదిలో నిలబడి, ఎదురుగా కూర్చున్న మనుషుల మొహాలు చూస్తూ పాఠం చెప్పాలి. అర్థమయినవాడి మొహం ఎలా వెలుగుతుందో చూడాలి, కానివాడికి మళ్ళీ చెప్పాలి. మా కాలేజీలోనే అలాంటి ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. దానికి బోధనలో డిప్లొమా కావాలి, ఆ డిప్లొమా కూడా మా కాలేజీలోనే ఉంది. వదిన చేరింది. చేరిన మూడేళ్ళలోపు పూర్తి చెయ్యాలి, లేకపోతే మళ్ళీ మొదటినుంచి చదవాలి. అప్పటికి ఉద్యోగం వయసు దాటిపోతుంది.

రాతపనులన్నీ కాగితం మీద రాసి లెక్చరర్ చేతికిచ్చి దిద్దించుకుంది. చివరి పరీక్ష మాత్రం సిస్టంలోనే రాయాలి. చిక్కంతా అక్కడే వచ్చి పడింది. మొదటి ఏడు పరీక్ష మొత్తం రాసి, చివర బటన్ నొక్కితే తెర మీద "ఇది నమూనా ప్రయత్నం. మార్కులు నమోదు కావు" అని వచ్చింది. ఎందుకంటే ఆవిడ ఖాతా సిస్టం నడిపేవాళ్ళ ఖాతా. నడిపే మనిషి పరీక్ష తెరిస్తే, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి తెరిచిందనే సిస్టం అనుకుంటుంది. ఇంకో ఖాతా తెరుద్దామంటే మనిషికి ఒకటే ఖాతా అని నిబంధన. ఆ అధికారం వదులుకుందామంటే పుచ్చుకునే రెండో మనిషి లేరు, ఒక్కరూ లేకుండా పోవడానికి సిస్టం ఒప్పుకోదు. తాళంచెవులన్నీ చేతిలో ఉన్న మనిషే బయటికి రాలేకపోయింది.

రెండో ఏడంతా ప్రిన్సిపాల్ "చూద్దాం, చూద్దాం" అంటూ చూస్తూనే గడిపేశారు. మూడో ఏడు, ఇక ఇదే ఆఖరి అవకాశం అని వదిన కాళ్ళావేళ్ళా పడితే ఒకాయన్ని ఇచ్చారు. అంతవరకు బస్సు పాసులు చూసిన గుమాస్తా ఆయన. రిటైరవడానికి ఎంతో కాలం లేదు. ఏం చెప్పినా "సరేనండి" అంటాడు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. అర్థమయినా సరేనండి, కాకపోయినా సరేనండి. కోపం తెప్పించుకోవడానికి కూడా చోటివ్వని మనిషి.

ఆయనకు సిస్టం నేర్పడానికి వదిన సిస్టంలోనే ఒక కోర్సు తయారుచేసింది. ఖాతా తెరవడం, పాఠం ఎక్కించడం, మార్కులు చూడటం, పరీక్ష పెట్టడం. ఆవిడ గొంతుతో చిన్న చిన్న వీడియోలు. అంత ఓపికగా చెప్పిన పాఠం నేను చిన్నప్పుడు వినుంటే ఈ కౌంటర్లో కూర్చునేదాన్ని కాదు. ఒక పాఠం పూర్తయితే దాని పక్కన పచ్చ టిక్కు పడుతుంది. సరేనండి గారి టిక్కులు టపటపా పడిపోయాయి. కోర్సు పూర్తయిందని సిస్టం ఆయనకు అభినందనలు కూడా పంపింది.

నాకు మాత్రం అనుమానమే. "వదినా, ఆయనకు ఒక్క ముక్క ఎక్కిందంటావా? తర్వాత, తర్వాత అని నొక్కుకుంటూ పోయుంటాడు."

"పచ్చ టిక్కులున్నాయిగా."

"టిక్కులుంటే?"

"ఉన్నాయిగా" అంది మళ్ళీ, నా మొహం చూడకుండా. ఆవిడకీ అనుమానం ఉంది. కానీ బయటపడాలన్న ఆత్రం అంతకంటే ఎక్కువుంది. కూర్చోబెట్టి ఒకసారి చేయించి చూడాల్సింది, చూడలేదు.

పరీక్షకు వారం ముందు తాళంచెవులు ఆయనకు అప్పగించింది. ఆ సాయంత్రం కౌంటర్ దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఫోన్లో తన పేజీ చూపించింది. అందులో తన పేరు, కోర్సు పేరు తప్ప ఒక్క బటనూ లేదు. "చూడవే, ఏమీ లేదు! అచ్చం పిల్లల పేజీలాగే ఉంది!" అని నవ్వింది. ఆవిడ అలా పళ్ళన్నీ కనపడేలా నవ్వడం నేను చాలా కాలానికి చూశాను. ఇక మిగిలింది పరీక్ష రాయడమే. ఇప్పుడు రెండో మనిషి ఉన్నాడు కాబట్టి కొత్తగా ఒక్క నియమం పెట్టారు. పరీక్ష రోజు ఆ మెట్ల కింద గదిలో అడుగుపెట్టినవాళ్ళు ఆ పరీక్ష రాయకూడదు. ప్రశ్నలు ఆ పొద్దున్నే అక్కడ ఎక్కిస్తారు, అక్కడివాళ్ళకు కనపడతాయి కాబట్టి.

ఆ రోజు పొద్దున హాలు నిండిపోయింది. చివరి పరీక్ష హాల్లోనే రాయాలి కాబట్టి ఇన్నాళ్ళూ తెర వెనక ఉన్న నర్సులు, డ్రైవర్లు, చంటిబిడ్డల తల్లులు అందరూ వచ్చారు. వదిన మూడో వరసలో కూర్చుంది. గంట మోగింది. అందరూ బటన్లు నొక్కారు. ఎవరి తెర మీదా పరీక్ష లేదు.

కాసేపు గుసగుసలు, తర్వాత గోల మొదలైంది. వదిన కుర్చీలోంచి సగం లేచింది. ఇన్విజిలేటర్ లెక్కల లెక్చరర్. నిన్న కాక మొన్న వదిన చేత పాస్‌వర్డ్ పెట్టించుకున్న మనిషి. "కూర్చోమ్మా. ఇవాళ నువ్వు విద్యార్థివి" అన్నాడు. వదిన కూర్చుంది. నేను మెట్ల కిందికి పరిగెత్తాను.

సరేనండి గారు చెమటలు కక్కుతున్నాడు, ఆ చలిలో. "పరీక్ష ఉందండి, ఇదుగోండి, కనపడుతోంది కదండీ" అని తన తెర చూపించాడు. నిజమే, నిక్షేపంలా ఉంది. మళ్ళీ హాలుకు పరిగెత్తి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. ఇన్విజిలేటర్ విసుక్కుంటూనే ఒక్క మాట చెప్పనిచ్చాడు.

"ఆయనకు కనపడుతుంది, మాకు కనపడదు. పరీక్ష పేరు పక్కన కన్ను బొమ్మ ఉంటుంది, మూసి ఉండుంటుంది. దాని మీద నొక్కమను" అంది వదిన.

వెళ్ళి చెప్పాను. "సరేనండి" అన్నాడు. వెతికాడు. నేనూ వెతికాను. కన్నూ లేదు, ముక్కూ లేదు. తిరిగొచ్చి "అక్కడ కన్నే లేదంట వదినా" అంటే, "ఎందుకుండదే! నేను రోజూ చూస్తాను" అని దాదాపు అరిచింది. ఇన్విజిలేటర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలు. పరీక్ష రాసే మనిషి ఆ గదికి కబుర్లు పంపకూడదు."

అప్పటికి ప్రిన్సిపాల్ వచ్చారు. ఇంకో అరగంటలో మొదలుకాకపోతే పరీక్ష వచ్చే టర్ముకు వాయిదా అన్నారు. హాలంతా ఒక్కసారి ఉసూరుమంది. ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది, రెండు బస్సులు మారి వచ్చానని, మళ్ళీ సెలవివ్వరని. వచ్చే టర్ముకు వదిన గడువు తీరిపోతుంది. అంటే ఇక్కడ కూర్చున్నా పోయినట్టే, లేచి వెళ్ళినా పోయినట్టే.

"నేను వెళ్ళి తెరిస్తే, నన్ను మళ్ళీ కూర్చోనిస్తారా సార్?" అని అడిగింది.

ప్రిన్సిపాల్ ఇబ్బందిగా కదిలారు. "రేపు ఎవరైనా నువ్వు పేపర్ చూశావంటే నేనేం చెప్పాలమ్మా? నీకు తెలియని రూలా?"

"గడువైనా పొడిగిస్తారా?"

"అది నా చేతిలో లేదు."

ఆయన చేతిలో ఏముందో ఇన్నేళ్ళుగా నాకు అర్థం కాలేదు. వదిన హాలంతా ఒకసారి కలయజూసింది. తను ఎదుట నిలబడకుండానే తన పాఠాలు చదివిన మొహాలన్నీ ఆవిడకేసే చూస్తున్నాయి. లేచి, కుర్చీ వెనక్కి జరిపి, నా వెంట నడిచింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

గదిలో ఆవిడ ఆయన తెర ముందు నిలబడే పని చేసింది. పైన మూలనున్న మార్పుల బటన్ నొక్కింది, ఆవిడ తెర మీద అది ఎప్పుడూ నొక్కే ఉండేది. నొక్కగానే తెర నిండా చిన్న చిన్న కన్ను బొమ్మలు పుట్టుకొచ్చాయి. పరీక్ష పక్కనున్నదాని మీద అడ్డగీత ఉంది. దాన్ని నొక్కింది. సరిగ్గా తెరుచుకుందో లేదో చూడటానికి పరీక్షను ఒకసారి పైనుంచి కిందికి తిప్పింది. పైన హాల్లో గోల ఆగిపోయింది.

అప్పుడు సరేనండి గారి వైపు తిరిగింది. "ముందు మార్పుల బటన్ నొక్కాలి, తర్వాత కన్ను తెరవాలి. పదమూడో పాఠమంతా ఇదేగా చెప్పాను? చూడకుండానే టిక్కు పెట్టుకున్నారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అన్నీ చూశానండి. కొన్ని రెండుసార్లు చూశాను. పదమూడు మాత్రం లేదండి."

"లేకపోవడమేమిటి!"

"పన్నెండు తర్వాత పద్నాలుగు వచ్చిందండి. పదమూడు అచ్చిరాదని కొందరు వదిలేస్తారు కదండీ, మీరూ అలాగే వదిలేశారనుకున్నాను. అడిగితే బాగుండదని..."

వదిన ఆ కోర్సు తెరిచింది. పన్నెండు కింద పదమూడు ఉంది. కాస్త వెలిసిన రంగులో. పక్కన కన్ను బొమ్మ, దాని మీద అడ్డగీత. తయారుచేస్తూ మూసింది, తర్వాత తెరవడం మర్చిపోయింది. మూసిన పాఠం నడిపేవాళ్ళకు కనపడుతుంది, నేర్చుకునేవాళ్ళకు కనపడదు. కనపడని పాఠాన్ని సిస్టం లెక్కలోకి తీసుకోదు. అన్ని టిక్కులూ నిజమైనవే. ఆయన పాపం ఒక్క ముక్క కూడా ఎగ్గొట్టలేదు.

వదిన కుర్చీలో కూర్చుని శాలువా కప్పుకుంది. పదమూడో పాఠం కన్ను తెరిచింది. "ఇప్పుడు చూడండి" అని కుర్చీ పక్కకు జరిపింది. ఆయన చూస్తున్నంతసేపూ ఆవిడ తెరను చూడలేదు, ఆయన మొహమే చూసింది. "ఓ, ఇదాండీ!" అన్నాడాయన చివర్లో. "చాలా బాగా చెప్పారండి." వదిన తలూపింది. హాల్లో గంట మోగేదాకా ఆ గదిలోంచి బయటికి రాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పటికి అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు. వర్క్‌షాపు నుంచి ఆరోజు తొందరగా వచ్చేశాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది.

"పేపర్ ఎలా ఉంది?" అన్నాడు.

"తేలిగ్గానే ఉంది" అంది వదిన చెప్పులు విడుస్తూ. "ప్రశ్నలన్నీ తెలిసినవే."

"మరింకేం, పాసయినట్టే!" అని అన్నయ్య గట్టిగా నవ్వి, నావైపు చూసి, "ఇక మీ పాస్‌వర్డమ్మ లెక్చరరమ్మ అయిపోయింది" అన్నాడు.

వదిన మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్యకు చెప్పే పని నా నెత్తిన పడింది.