ముక్కు కుదరని మనుషులు

ఆల్ఫియస్ స్టడ్లీ గారికి ఊళ్లో ఉన్న పేరు ఒక్కటే: ముక్కు గీయడం చేతకాని చిత్రకారుడు. ఆయన బొగ్గుముక్కతో రెండు గీతలు గీస్తే చాలు, కళ్లు కాగితం మీంచి రెప్పలార్చేవి. గడ్డాలూ టోపీలూ లేసు కాలర్లూ చిటికెలో వచ్చేసేవి. ముక్కు దగ్గరకొచ్చేసరికి మాత్రం బొగ్గు పక్కన పెట్టేసి, నిట్టూర్చి, "కుదరలేదండీ, వచ్చే వారం రండి," అనేవారు. తర్వాత మెత్తని రొట్టెముక్కతో ముఖమంతా చెరిపేసేవారు. పరధ్యానంలో ఆ రొట్టెముక్కే నోట్లో వేసుకునేవారు కూడా. అందుకే ఆయన నవ్వితే పళ్లు నల్లగా కనిపించేవి.

కెజయా డన్నెల్ ఆ అక్టోబరులో ఆయన దగ్గరకు వెళ్లింది. ఆరేళ్ల క్రితం ఆమె భర్త ఏసా ఎక్కిన చేపల ఓడ తిరిగి రాలేదు. ఏసా బొమ్మ ఒక్కటి కూడా లేదు. ఈమధ్య అతని గడ్డం ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే రాలేదు. ఆమెకు భయం వేసింది. రేపు తను పోతే, తను ఎలా ఉండేదో చెప్పడానికి ఆ మాత్రం గుర్తుంచుకునే మనిషి కూడా లేడు. అందుకని నల్లగౌను ఇస్త్రీ చేసుకుని, తెరచాపలు కుట్టే దుకాణం మీద ఉన్న ఆయన గదికి మెట్లెక్కింది.

మొదటి గురువారం కళ్లూ టోపీ వచ్చాయి. రెండో గురువారం ముక్కు దగ్గర బండి ఆగింది. ఐదో గురువారానికి ఆమె ఇంట్లో అద్దం ముందు నిలబడి తన ముక్కును అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టింది.

"నా ముక్కులో అంత కష్టం ఏముందండీ?" అని అడిగేసింది.

"అదే అంతు చిక్కడం లేదు. పోయిన వారం ఎడమవైపు ఉంది, ఈ వారం కుడివైపుకొచ్చింది."

"నా ముక్కు ఎక్కడికీ పోదండీ. నాతోబాటే ఇంటికెళ్తుంది, నాతోబాటే తిరిగొస్తుంది."

ఆయన చెరుపుతూనే ఏదో ఒకటి అడిగేవారు. కాడ్ చేపకు ఉప్పు ఎంత పట్టిస్తారు, ఏసా మొదటిసారి కలిసినప్పుడు ఏమన్నాడు, చిన్నప్పుడు పెంచిన పిల్లికి పాస్టరు గారి పేరెందుకు పెట్టారు? ఆమె చెప్పేది. శుక్రవారం నుంచి బుధవారం దాకా ఆమె ఇంట్లో మాట్లాడేది టీ కాచే కెటిల్ ఒక్కటే. డిసెంబరు వచ్చేసరికి గురువారానికని మాటలు దాచిపెట్టుకుంటున్నానని ఆమెకే తెలిసొచ్చింది.

జనవరిలో ఒకరోజు దారం కొనడానికి గిడియన్ బ్రాకెట్ దుకాణానికి వెళ్లింది. గోడమీద బ్రాకెట్, భార్య, తొమ్మిదిమంది పిల్లలు, అందరూ బొగ్గుబొమ్మలో కూర్చుని ఉన్నారు. స్టడ్లీ గారు ఈమధ్యే రెండంటే రెండు రోజుల్లో గీసేశారని బ్రాకెట్ మురిసిపోతూ చెప్పాడు. పదకొండు ముక్కులు! ఇంకా సరిగ్గా మొలవని చంటిదాని ముక్కుతో సహా. కెజయాకు ఒళ్లు మండింది. దారం మరిచిపోయి ఇంటికొచ్చి, ఆయన్ను ఏమేం అనాలో గురువారం దాకా వల్లెవేసుకుంది.

తీరా వెళ్తే ఆయన జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నారు. పొయ్యి దగ్గర, భార్య పోయాక రేవు పక్క ఇంట్లో ఒక్కడే ఉంటున్న ముసలి కెప్టెన్ ఓబెడ్ లార్కిన్ చేపల సూపు కలుపుతున్నాడు. ఊళ్లో ఓ అద్దెగదిలో ఒంటరిగా ఉండే బడి టీచరు తిర్జా పూల్ స్టడ్లీ గారి నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది.

"మీరు కూడా బొమ్మకేనా?" అంది కెజయా.

"నాది మంగళవారం," అన్నాడు కెప్టెన్. "పద్నాలుగు నెలలయింది. మొన్న వచ్చేసరికి ఇలా ఉన్నారు."

"నాది బుధవారం," అంది తిర్జా.

"ముక్కేనా?"

"ముక్కే," అన్నారిద్దరూ.

మరో పొడిగుడ్డ కోసం కెజయా సొరుగు లాగింది. అందులో మూడు పూర్తయిన బొమ్మలున్నాయి. కెప్టెన్, తిర్జా, తను. తన ముక్కు అచ్చం అద్దంలో కనిపించినట్టే ఉంది. కింద తేదీ చూస్తే అక్టోబరులో రెండో గురువారం. అప్పటినుంచీ ఆయన గీసిందీ చెరిపిందీ వేరే కాగితం మీద.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముగ్గురి ఇళ్లకూ తలుపు తట్టేవాళ్లు లేరు. కెప్టెన్ రుమాలు తీసి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.

సాయంత్రం కాకముందే స్టడ్లీ గారు కళ్లు తెరిచారు. బల్లమీద బొమ్మలు చూసి గోడవైపు తిరిగిపోయారు.

"పూర్తయిందంటే మీరిక రారు కదండీ," అన్నారు మెల్లగా. "ఇదంతా మీకోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. సగం నాకోసమే. ఈ గదిలో కూడా ఏ చప్పుడూ ఉండదు." "తీసుకెళ్లండి. అవి మీవే," అన్నారు.

ఎవరూ కదల్లేదు.

"మా ఇంట్లో గోడ ఖాళీ లేదు," అన్నాడు కెప్టెన్. ఆయనది మూడంతస్తుల ఇల్లు.

"మా ఇల్లుగలావిడ మేకులు కొట్టనివ్వదు," అంది తిర్జా.

కెజయా ఒక్క క్షణం ఆలోచించింది. "మా ఇల్లంతా చెమ్మ. బొగ్గు పాడైపోతుంది," అంది. ఆమె ఇల్లు ఎంత పొడి అంటే తలుపులు పగుళ్లిచ్చాయి. "ఇక్కడే ఉండనివ్వండి. మేమే వచ్చి చూసుకుంటాం."

సూపు ఉడికింది. తీరా చూస్తే ఆ గదిలో గిన్నె ఒక్కటే ఉంది. కెప్టెన్ మంచులో కుంటుకుంటూ ఇంటికి వెళ్లి మూడు గిన్నెలు తెచ్చాడు. వెళ్లేటప్పుడు వాటిని మరిచిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ శ్రద్ధగా మరిచిపోతూనే ఉన్నాడు.