సుజాత తిప్పిన స్టీరింగ్

ఇన్నేళ్ళుగా ఒక మాటను గుండెల మీద బండలా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మా పాత కారు స్టీరింగ్ లూజుగా ఉంటే, అమీర్‌పేటలో మా వీధి చివరి షెడ్డుకు తీసుకెళ్ళాను. మెకానిక్ యాదగిరి బండి కిందికి దూరి చూసి, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివర జాయింటు అరిగిందన్నాడు. బండి వదిలి వెళ్ళమన్నాడు.

"గిది ఇంట్ల చేసుకునే పని కాదు సార్," అన్నాడు, నేనేమీ అడగకుండానే.

ఆ మాటే నాకు అనుమానం తెప్పించింది. అడగకుండా ఎందుకన్నాడు? నేను టీకి వెళ్ళినప్పుడు తానే ఏదైనా వదులు చేశాడా? మెకానిక్‌లంటే నాకు నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే, ఎవరి మీదా లేదు.

బండి వెనక్కి తెచ్చేసుకున్నాను. ఫోన్లో వీడియోలు చూసి, కొత్త జాయింటు కొనుక్కొచ్చి, ఆదివారం పూట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే బిగించాను. నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. అది రంధ్రంలోకి దూరలేదు. నట్టు గట్టిగానే ఉంది కదా అని వదిలేశాను. మరిచిపోలేదు. తెలిసే వదిలేశాను.

నా భార్య సుజాత అప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంది. ఎర్రమంజిల్‌లో ఆమె ఆఫీసు. ఒక్కతే కారు నడుపుకుంటూ వెళ్ళడమంటే ఆమెకు ఎంత సంబరమో. నెల తిరగకముందే, పంజాగుట్ట మలుపులో కారు డివైడర్‌ను గుద్దింది. ఆమె మణికట్టు విరిగింది. నేను వెళ్ళేసరికి ముందు చక్రం ఒకటి అడ్డంగా తిరిగిపోయి ఉంది. వంగి చూశాను. నట్టు లేదు.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే ఆమె అంది: "నేను తిప్పానండీ. చక్రం తిరగలేదు."

"కంగారులో అటు తిప్పబోయి ఇటు తిప్పి ఉంటావు," అన్నాను.

బాగున్న చేతిని కాసేపు చూసుకుంది. "అంతేనంటారా?"

"అంతే."

ఎందుకన్నాను? భయమా? యాదగిరి మాటే నిజమైందని ఒప్పుకోలేకపోయానా? ఎవరూ కిందికి వంగి చూడకముందే ఆ కారును ఉన్నపళంగా అమ్మేశాను. సుజాత మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. మెట్రోలో ఆఫీసుకు వెళ్తోంది. ఆమె ఊరికే నా వైపు చూసినా, ఏం కనిపెట్టిందోనని తల దించుకుంటాను. ఎవరినీ నమ్మని నా మాటను నమ్మి, తన చేతులకు తెలిసిన నిజాన్ని కాదనుకున్న మనిషిని, ఇప్పటికీ నేను అనుమానంగానే చూస్తున్నాను.

మొన్న మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకోవడానికి బయల్దేరింది. సుజాత గుమ్మం దాకా వచ్చింది.

"జాగ్రత్తమ్మా. నాలా కంగారు పడకు. ఆ రోజు ఎటు తిప్పానో నాకే తెలియలేదు."

నేను పక్కనే ఉన్నాను.

ఆమె సరిగ్గానే తిప్పింది. తప్పు నాది. ఈ రెండు మాటలూ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. సుజాతకు ఇంకా చెప్పలేదు.