ఎండ చూసిన రంగు

ఈ మధ్యాహ్నం తిరుపతిలో నా షెడ్డు ముందు ఒక పాత నీలం కారు వచ్చి ఆగింది. కారంతా వెలిసిపోయి ఉంది, ముందు డోరు ఒక్కటే కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. దెబ్బ తగిలిన డోరు మార్చి, డబ్బాలో ఉన్న కంపెనీ రంగును ఉన్నదున్నట్టు కొట్టి పంపించారట ఎవరో మహానుభావులు. అలాంటి పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విసుక్కుంటూనే థిన్నర్ డబ్బా మూత తీశాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే దొరస్వామి అన్న గుర్తొచ్చాడు. చిత్తూరులో మామిడికాయల మండీల వెనక ఆయనకు కార్లకు రంగులు వేసే షెడ్డు ఉండేది. ఇప్పుడు ఆయన లేడు. నేను ఈ రోజు తింటున్న తిండి ఆయన నేర్పిన విద్య వల్లనే.

మాది నగరి. పుట్టింట్లో మగ్గాలకిచ్చే నూలుకు రంగులు అద్దేవాళ్లం. పెళ్లయి చిత్తూరు వచ్చాక, రంగులు కలపడం తప్ప మరో పని చేతకాక, దొరస్వామి అన్న షెడ్డుకు వెళ్లి పని అడిగాను. ఆడమనిషికి ఇక్కడేం పని అని ఆయన అనలేదు. ఒక పాత ఆకుపచ్చ కారు చూపించి దాని రంగు కలపమన్నాడు, అంతే. నేనేదో తెలివైనదాన్ననుకుని పెట్రోలు పోసే చోట మూత తెరిచి, లోపల చెక్కుచెదరకుండా ఉన్న రంగును చూసి కలిపాను. అట్టముక్క మీద కొట్టి డోరు పక్కన పెడితే రెండూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. అన్న నవ్వాడు.

"అది ఎండ సూడని రంగు పాపా. ఈ బండి బతికిందంతా బయట. బయట ఏముండాదో అది సూడల్ల," అన్నాడు.

ఆ రోజు నుంచి కారును చూడడం నేర్చుకున్నాను. టాపు ఎక్కువ వెలుస్తుంది, డోరు కింది భాగం తక్కువ వెలుస్తుంది. రోజూ గోడవారగా నిలిపే బండికి గోడ వైపు ఒక రంగు, ఎండ వైపు ఒక రంగు. ముందు పాత రంగు మీది మురికిని పాలిష్‌తో వదిలించి, ఆ తర్వాతే కలపడం మొదలుపెట్టాలి. అట్ట మీద కొట్టి, ఆరనిచ్చి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి పెట్టి చూడాలి. తడి నూలు రంగు వేరు, ఆరిన నూలు రంగు వేరు అని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసునని నేనంటే అన్న మురిసిపోయాడు. చివరికి ఆ రంగును పక్క డోరు అంచు మీదకు కూడా పలచగా పోనిచ్చేవాడు, ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకోలేకుండా. నా చేత అట్టముక్కల మీద అట్టముక్కలు కొట్టించాడు. ఒక్కటి కూడా బాగుందని ఊరికే అనలేదు, పిసినారి.

ఆ షెడ్డుకు వచ్చే పనిలో సగం, పాత కార్లు కొని అమ్మే ఒక బ్రోకరు ఇచ్చేవాడు. ఒకసారి అతను పలమనేరు దారిలో దెబ్బ తిన్న ఎర్ర కారు తెచ్చాడు. ఎడమవైపు రెండు డోర్లూ మార్చాం. రంగు మొత్తం నన్నే కలపమన్నాడు అన్న. అయిపోయాక కారు చుట్టూ తిరిగి చూశాడు. ఏమీ అనకుండా వెళ్లి టీ తాగాడు. ఆయన ఏమీ అనలేదంటే ఎంత గొప్పో నాకు తెలుసు కాబట్టి నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

రెండు రోజులకు బ్రోకరు ఆ కారు కొనేవాళ్లనే వెంటబెట్టుకుని వచ్చాడు, వెనక బంపరు మీది గీత చెరిపించడానికి. పాల కేంద్రం నడుపుకునే ఒకాయన, ఆయన భార్య. వాళ్లకు అదే మొదటి కారు. ఆయన మామూలుగానే అన్నను అడిగాడు.

"ఏమన్నా, ఈ బండికి యాడన్నా దెబ్బ తగిలుండాదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కొత్త బండి లాంటిదేనని బ్రోకరు గబగబా అందుకున్నాడు. అంటూనే అన్న వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకూ అర్థమైంది. సగం పని పోతే షెడ్డులో ముందు పోయేది నా కొలువే.

"ఎడం పక్క రెండు డోర్లూ మార్చినాము," అన్నాడు అన్న. "రంగు ఈ పాప కలిపినాది. యాడన్నా తేడా కనపడతాదేమో సూడండి."

వాళ్లు వంగి చూశారు, దూరంగా వెళ్లి చూశారు, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చూశారు. కనిపెట్టలేకపోయారు. ఆవిడ డోరు మీద అరచేత్తో నిమిరి, నా వైపు తిరిగి, చాలా బాగా చేశావంది. కారు మాత్రం కొనలేదు. బ్రోకరు మళ్లీ మా గడప తొక్కలేదు. చాలా నెలలు ఇబ్బంది పడ్డాం. అన్న నన్ను మాన్పించలేదు, మేస్త్రీగా తను తీసుకునే కూలి తగ్గించుకున్నాడు.

వాళ్లు కారు కొనకుండా వెళ్లిన సాయంత్రమే, నోరు మూసుకుని ఉండుంటే పోయేది కదా అని అన్నను అడిగాను.

"కంటికి తెలీకుండా సేసేది మన పని పాపా. అడిగినోళ్లకి కూడా తెలీకుండా దాస్తే అది దొంగపని అయిపోతాది. అంత బాగా సేసి, దాన్ని దొంగపని సేసుకుంటామా?"

తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆయన ఆ రోజు నోరు విప్పకపోతే, నా చేతిలో అంత పనితనం ఉందని లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. నిజం చెప్పడం వల్ల మా పొట్ట మీద దెబ్బ పడింది, కానీ ఆ నిజంతోనే నా పేరు కూడా బయటికి వచ్చింది.

ఇప్పుడు నా షెడ్డుకు పాత కారు చూసుకోవడానికి వచ్చి ఎవరైనా అడిగితే, ఈ బండికి డోరు మార్చామని, రంగు నేనే కలిపానని చెబుతాను. గొంతు తగ్గించి చెప్పను. ఏ డోరో మాత్రం వెంటనే చెప్పను. వాళ్లు కారు చుట్టూ తిరుగుతూ వెతుకుతారు. కాసేపు వెతకనిస్తాను.