పటమట దాకా టిక్కెట్టు

మొన్న గుణదల తిరునాళ్ళకు వెళదామని పామర్రులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే కండక్టరు పిల్ల వచ్చి ఆధార్ కార్డు చూపించమంది. చూపించాను. చేతిలో మిషను గుర్రుమని సున్నా రూపాయల టిక్కెట్టొకటి బయటికి తోసింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన దగ్గర నుంచీ ఇది అందరికీ అలవాటైన తంతే గానీ, పాతికేళ్ళకు పైగా ఇదే దారిలో టిక్కెట్లు కొట్టి రిటైరైన నాకు మాత్రం సున్నా వేసిన టిక్కెట్టు చూస్తే ఇప్పటికీ ఎవరో తప్పు కొట్టినట్టే ఉంటుంది. నా ముందు సీట్లో ఒకావిడ అసలు టిక్కెట్టే వద్దంది. డబ్బే లేనప్పుడు ఈ కాయితం ఎందుకని ఆవిడ వాదన. "మీకు అక్కర్లేకపోయినా నాకు కావాలండీ, చెకింగు వాళ్ళొస్తే అడిగేది నన్నేనండీ" అని ఆ పిల్ల బతిమాలుతుంటే ఊరుకోలేక నేనే కలగజేసుకున్నాను. నా గొంతులో పాత కండక్టరు పలికిందేమో, ఆవిడ తీసుకుంది. నేను నా టిక్కెట్టును నాలుగు మడతలు పెట్టి వాచీ పట్టీ కింద దోపుకున్నాను. దోపుకుంటూ ఉండగా మా అత్తగారు గుర్తొచ్చారు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా డిపోలో ఆడ కండక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. రైసు మిల్లు బెల్టులో పడి మావారి కుడిచెయ్యి పనికిరాకుండా పోవడంతో, ఎప్పుడో పాసైన పదో తరగతి కాయితం బయటికి తీయాల్సి వచ్చింది. మా అత్తగారు మనసున్న మనిషే, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, కానీ కోడలు మగవాళ్ళ మధ్య నిలబడి రైట్ రైట్ అని అరవడం ఆవిడకు చచ్చినా మింగుడు పడలేదు. పోట్లాడలేదు, అదీ చిక్కు. నాతో మాట్లాడటం మానేశారంతే. నాకు చెప్పాల్సినవి వంటింట్లో గిన్నెలకు చెప్పేవారు, మరీ అవసరమైతే మావారి చేత కబురు పంపేవారు, పక్కగదిలోకి. నా ఖాకీ కోటును మాత్రం ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. వసారాలో ఒక మేకు కొట్టించి దానికే తగిలించమన్నారు, చెప్పుల పైన. రెండేళ్ళు ఆ కోటు ఎండకీ జల్లుకీ అక్కడే వేలాడింది. తెల్లవారుజామున డ్యూటీకి పోతూ దాన్ని తొడుక్కున్నప్పుడల్లా నా ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడంటే ఛార్జీలు పెరిగినా మిషనే చూసుకుంటుంది. అప్పట్లో పెరుగుదల అంటే కండక్టరుకు జ్వరమొచ్చినట్టే. సాయంత్రం చెప్పేవారు, తెల్లారేసరికి అమలు. ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎంతో ఎక్కాల్లాగా కొత్తగా వల్లె వేసుకోవాలి. ఆ మొదటి వారమంతా ప్రయాణికులకు మేమే శత్రువులం. నిన్నటిదాకా ఇంతేగా అంటూ సరిపడా చిల్లర గుప్పిట్లో పట్టుకొచ్చినవాళ్ళు, ఆ పెంచిన డబ్బులేవో మా ఇంటికి పట్టుకుపోతున్నట్టు చూసేవారు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తక్కువైతే ఆ డబ్బుకి ఎంతవరకు వస్తే అంతవరకే కొట్టించుకుని, ఒక స్టేజీ ముందు దిగి నడిచిపోవడం అప్పుడు మామూలే. ఊరికే ఎక్కించుకోవడానికి మాత్రం లేదు. తక్కువ టిక్కెట్టుతో మనిషి దొరికితే కండక్టరు మీద కేసు, నాలాగా ఇంకా పర్మనెంటు కానివాళ్ళయితే ఒక్క కేసుతో ఇంటికే.

అలాంటి వారంలోనే గుణదల తిరునాళ్ళు వచ్చాయి. నాకు మాత చర్చి ఉన్న కొండ దాకా వెళ్ళే స్పెషల్ బస్సు వేశారు. పామర్రులో కిక్కిరిసి ఎక్కిన జనంలో మా వీధి ఆడవాళ్ళు నలుగురు, వాళ్ళ వెనకాల కొబ్బరికాయా కొవ్వొత్తులూ ఉన్న బుట్ట చంకన పెట్టుకుని మా అత్తగారు. ఆ బస్సు నాదని ఆవిడకు ఎక్కిన తర్వాతే తెలిసిందనుకుంటాను. టిక్కెట్టు అడిగితే నా మొహం వంక చూడకుండా చెయ్యి చాపి చిల్లర పోశారు. పాత ఛార్జీ. కొత్త ఛార్జీకి ఒక్క రూపాయి తక్కువ. కొంగున మరో ముడి ఉంది గానీ అది తిరుగు ప్రయాణానికని నాకు తెలుసు.

"రేట్లు పెరిగాయండీ. ఈ డబ్బుకి పటమట దాకానే వస్తుంది" అన్నాను. మిగతావాళ్ళతో ఎలా అంటానో అలాగే అన్నాను, కాకపోతే కాస్త గట్టిగా.

వీధి ఆడవాళ్ళు నలుగురూ చప్పున ఇటు తిరిగారు. వాళ్ళలో ఒకావిడ "రూపాయేగా వదినా, నేనిస్తా" అని పర్సు తీయబోయింది. మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేశారు. "వద్దొదినా. పటమట నుంచి కాలినడకన వస్తానని మాతకు మొక్కుకున్నా. ఆ పిల్ల సరిగ్గానే కొడుతోందిలే" అన్నారు. పటమట రాగానే చెప్పులు విప్పి బుట్టలో పెట్టుకుని దిగిపోయారు. మిట్టమధ్యాహ్నం, అయిదారు కిలోమీటర్ల దారి. నేను రైట్ అన్నాను, బస్సు కదిలింది.

కాసేపటికే చెకింగు వాళ్ళు బస్సాపారు. ఒక్కొక్కరి టిక్కెట్టూ చూశారు, ఒక్క తప్పూ దొరకలేదు. అంత రద్దీలో ఇంత శుభ్రంగా కొట్టావని ఆఫీసరు మెచ్చుకుని పోయాడు. వీధి ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు.

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళాక చాలాసేపటికి గానీ ఆవిడ రాలేదు. తిరిగి వచ్చేటప్పుడూ అదే రూపాయి తక్కువై, పామర్రుకు ముందు స్టేజీలో దిగి నడిచొచ్చారట. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. వేడినీళ్ళు పెట్టి తీసుకెళ్తే కాళ్ళు అందులో పెట్టుకుని, రెండేళ్ళ తర్వాత మొదటిసారి, గిన్నెలతో కాకుండా నాతోనే మాట్లాడారు. "చెకింగొచ్చిందంటగా. మన వీధివాళ్ళు కొండ దగ్గర చెప్పార్లే. నేను మొహమాటపెట్టుంటే నీ ఉద్యోగం ఊడేదే. మంచి పని చేశావమ్మా." మర్నాడు తెల్లవారుజామున వసారాలో చూస్తే మేకుకు కోటు లేదు. లోపల, మావారి చొక్కాల పక్కన, ఇస్త్రీ చేసి తగిలించి ఉంది.

ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ నాకు క్యారేజీ కట్టింది ఆవిడే. పెళ్ళిళ్ళలో, చర్చి దగ్గర, కనపడిన ప్రతివాళ్ళకూ అదే కథ. మా కోడలి దగ్గర సొంత అత్తకైనా రూలు రూలే అని చెబుతూ మురిసిపోయేవారు. విని నేను తల వంచుకునేదాన్ని, అది వినయం అనుకునేవారు అందరూ.

ఇప్పుడు చెప్పేస్తాను. బస్సు కదలకముందు కండక్టరు తన సొంత డబ్బు ఎంతుందో డ్యూటీ కాయితం మీద రాయించుకోవాలి. ఆ రోజు నా కాయితం మీద పది రూపాయలు రాసి ఉంది. అందులోంచి రూపాయి వేసి ఆవిడకు గుణదల దాకా కొడితే ఏ ఆఫీసరూ నన్నేమీ అనేవాడు కాదు. అంతకు ముందు వారమే ఉయ్యూరులో ముక్కూ మొహం తెలియని ఒక గర్భిణికి అలా కొట్టాను. మరి మా అత్తగారికి కొట్టకపోవడానికి కారణం రూలు కాదు, వసారాలో మేకు. చిల్లర చూడగానే ఆ మేకు గుర్తొచ్చింది, నలుగురిలో దించితే గానీ నా కడుపుమంట చల్లారదనిపించింది. చల్లారింది కూడా, చెకింగు వాళ్ళు వచ్చి నన్ను మెచ్చుకునేదాకా. ఈ ముక్క ఆవిడకు చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. చెబితే కోటు మళ్ళీ వసారాలోకి పోతుందేమోనని భయం. అలా భయపడుతూ ఉండగానే ఆవిడ పోయారు, నా నిజాయితీ మీద పూర్తి నమ్మకంతో.

మొన్న బస్సు పటమటలో ఆగినప్పుడు నాకేమనిపించిందో, పర్సులోంచి చిల్లర తీసి కండక్టరు పిల్లను పిలిచి, ఇక్కడి నుంచి గుణదలకు ఇంకో టిక్కెట్టు కొట్టమన్నాను. ఎవరికండీ అంది. మా అత్తగారికన్నాను. ఆ పిల్ల నా పక్కనున్న ఖాళీ సీటు వంకా, గుమ్మం వంకా చూసింది.

"ఆవిడకైనా ఫ్రీయేనండీ. ఎక్కమనండి, కార్డు చూపిస్తే చాలు" అంది.

ఎక్కడంలేదులే అమ్మా అని చెప్పి, చిల్లర గుప్పిట్లోనే పెట్టుకుని కూర్చున్నాను. రూపాయి తక్కువైందని ఏ ఆడమనిషినీ ఎండలో దించక్కర్లేని రోజులొచ్చాయి, నిజంగా సంతోషమే. ఇవే కాస్త ముందుగా వచ్చి ఉంటే, ఆ మధ్యాహ్నం దాక్కోవడానికి నాకు అంత చక్కని రూలు దొరికేది కాదు.