నా పేరు మోడల్

నరసరావుపేటలో నా పేరు మనిషి పేరుగా ఉండటం మానేసి చాలా ఏళ్లయింది. ముదురు నీలం ఆకాశం, మధ్యలో నెత్తురు ముద్దలాంటి సూర్యుడు, చుట్టూ పసుపు గీత గీసిన లావుపాటి అక్షరాలు. లారీ వెనక గానీ, పత్తి కొట్టు బోర్డు మీద గానీ, కోటప్పకొండ తిరునాళ్లకు కట్టే ఎత్తైన వెదురు ప్రభ మీద గానీ అలాంటిది కనిపిస్తే, వేసింది ఎవరైనా సరే, నా పేరు పెట్టి ఫలానా మోడల్ అంటారు. మొదట్లో గర్వపడ్డాను. ఎందుకు పడకూడదు? ఊరంతా తిరిగే పేరు ఎంతమంది పెయింటర్లకు దక్కింది?

ఆ రంగులు అంతగా ముదరడానికి కారణం నా కళ్లని నాకే తెలియదు. శుక్లాలు మెల్లగా కమ్ముకొస్తున్నాయి. నీలం బురదగా కనిపించేది, ఇంకాస్త కలిపేవాణ్ణి. ఎరుపు మందంగా తోచేది, మరో పూత వేసేవాణ్ణి. జనం మెచ్చుకున్నారు. నా చెయ్యి తిరిగిందనుకున్నాను.

పోయినేడు రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించుకున్నాను. ఆటోలో ఇంటికొస్తుంటే ఒక ఎరువుల కొట్టు బోర్డు చూసి కళ్లలో కారం కొట్టినట్టయింది.

"ఎవడేశాడే ఇది, ఇంత మోటుగా?" అని పక్కనున్న నా భార్యను అడిగాను.

ఆమె నా మొహంలోకి చూసి, "మీరేగా" అంది.

ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున డాబా ఎక్కి చూస్తే ఆకాశం ఉతికి ఉతికి పలచబడ్డ చీరలా ఉంది. ఇన్నేళ్లూ దాని నెత్తిన నేను డబ్బాలకు డబ్బాలు గుమ్మరించాను. ఇక అలా వేయకూడదనుకున్నాను.

అప్పుడే మా పక్క ఊరి రైతొకాయన నరసరావుపేటలో కల్యాణ మండపం కట్టాడు. రాజకీయాల్లో తిరిగే మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను మావా అంటాడు. ముందు గోడ మొత్తం నాకప్పగించాడు. నేను అమరావతి దగ్గర తెల్లవారే వేళ కృష్ణా నదిని వేశాను. బూడిద కలిసిన నీళ్లు, తడిసిన మెట్లు, ఒక్క పడవ. నా జన్మలో ఏ గోడ మీదా అంత శ్రద్ధ పెట్టలేదు.

ఆయన కారు దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంది మావా ఇది? పెళ్లిళ్లకేశావా, ఆస్పత్రికేశావా?"

"పొద్దున్నే కృష్ణ ఇట్టాగే ఉంటది అల్లుడూ. నాలుగు రోజులు చూడు, కంటికి అలవాటైద్ది."

"నీ మోడల్ గదా నేను వెయ్యమంది?"

"వేసింది నేను. ఇంకెవడి మోడలైద్ది?"

"నువ్వే వేశావ్, కాదన్లా. కానీ ఇది నీది కాదు."

నా ఒళ్లు మండిపోయింది. "నాదేదో నాకు నువ్వు చెప్తావా?" అని అరిచాను.

ఆయన కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యేసి, "కళ్లాపరేషనైంది గదా మావా. చూపు చానా తగ్గినట్టుందిలే" అన్నాడు. ఆ జాలి చూస్తే చెంపదెబ్బే నయమనిపించింది.

మూడోనాడు నేను నిచ్చెనలు తీసుకుపోదామని వెళ్లేసరికి ఫ్లెక్సీ కొట్టతను గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కింద చుట్టి ఉన్న ఫ్లెక్సీని విప్పాడు. అదే నీలం, అదే ఎర్ర సూర్యుడు. నన్ను చూసి ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టాడు.

"మీ మోడలేనండీ. కంప్యూటర్లో మీ పేరు కొడితే చాలు, వచ్చేస్తది."

అంటూనే నా నది మధ్యలో మేకు దిగ్గొట్టాడు. గోడ పెచ్చు లేచింది. సుత్తి అతని చేతిలోంచి లాక్కుని రోడ్డు మీదికి విసిరాను. పనివాళ్ల దగ్గర తెల్ల డిస్టెంపర్ బకెట్టుంటే తీసుకుని నిచ్చెనెక్కాను. మెట్లూ, నీళ్లూ, పడవా, అన్నీ నా చేత్తోనే తుడిచేశాను. కబురందుకుని మండపం ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చి పట్టిందా మావా? నీది కాదన్నా గానీ, చెరపమన్నానా?"

"నాదే. అందుకే నీ దగ్గర ఉంచట్లా."

ఇప్పుడక్కడ ఫ్లెక్సీ ఉంది. పెళ్లికొచ్చినవాళ్లు దాని ముందు ఫొటోలు దిగుతారు, నా పేరు చెప్పుకుంటారు. నేను మాత్రం ఆ మోడల్ వేయడం మానేశాను. పని బాగా తగ్గింది. అడగడానికి వచ్చినవాళ్లకు కుదరదంటాను. నా భార్య అందుకు ఏమీ అనదు గానీ, "ఆ కోపం తిండి మీద చూపించొద్దు" అంటుంది.

ఈమధ్య మా ఇంటి ముందు గోడ మీదే వేస్తున్నాను, వాన కురిసి వెలిసిన పొలాన్ని. నిన్న పక్కింటామె నీళ్ల బిందెతో ఆగి, "ఎవరేస్తున్నారు మావయ్యా, శానా బాగుంది" అంది. బ్రష్షు నా చేతిలోనే ఉంది.

"నేనేనమ్మా."

"పోండి మావయ్యా! మీదైతే మాకు తెలవదా ఏంది?" అని నవ్వుకుంటూ లోపలికెళ్లిపోయింది.

పళ్లు కొరుక్కుంటూ పచ్చలో ఇంకాస్త తెలుపు కలుపుకున్నాను.